గంట మోగేదాకా

3వ తేదీ, మంగళవారం

వదినగారు ఫోన్ చేశారు. నాకు కాదు, ఆయనకి. కానీ ఆవిడ గొంతు వంటింట్లోకి కూడా వినపడుతుంది కాబట్టి నాకూ చేసినట్టే లెక్క.

అత్తగారికి డెబ్బయ్యేళ్లు నిండుతున్నాయట. అందరం కలిసి సముద్రం ఊరికి వెళ్లాలట. అక్కడ "రాజుగారి విందు" అని ఒక ఆట ఉందట. గుండ్రటి హాలు, మధ్యలో ఇసుక బరి, గుర్రాలు, కత్తులు, డప్పులు. చుట్టూ బల్లల దగ్గర కూర్చుని చేత్తో తింటూ, బల్లలు చరుస్తూ, గొంతులు పోయేలా అరవాలట. టిక్కెట్లు కూడా తీసేశారట. అంతా చెప్పాక చివర్లో, "మరి గువ్వని ఏం చేద్దాంరా?" అన్నారు. వర్షం వచ్చేలా ఉంది, గొడుగు ఏం చేద్దాం అన్నట్టు.

నా కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల అది. మిక్సీ వేస్తే మంచం కింద దూరుతుంది. దాని చెవులకి ఎప్పుడూ చప్పుడు ఆపే డిప్పలు ఉండాలి, డప్పుల హాలుకి తీసుకెళ్తారట. లేదా ఎక్కడో వదిలేసి వెళ్లాలి. వదిలేసే చోటు కూడా ఆవిడే చూసి పెట్టారు. పెద్దాసుపత్రిలో నర్సులందరి మీదా పెత్తనం చేసే మనిషి, ఆవిడకి తెలియని చోటంటూ ఉండదు. ఆటిజం ఉన్న పిల్లల కోసమే పెట్టిన హాస్టలట. సముద్రం ఊరికి పోయే దారిలోనేనట.

"చూద్దాంలే అక్కా" అన్నారు ఆయన. వద్దు అనలేదు. చూద్దాం అన్నారు.

నాకేం కోపం రాలేదు. గిన్నె చెయ్యి జారి పడింది, అంతే.

5వ తేదీ, గురువారం

మాట్లాడుకున్నాం. నిజానికి ఆయన మాట్లాడారు, నేను ఆయన చొక్కాకి గుండీ కుడుతూ విన్నాను. మూడేళ్లుగా ఏ పెళ్లికీ వెళ్లలేదట, ఏ హోటల్లోనూ చివరిదాకా కూర్చోలేదట, ఎక్కడికి వెళ్లినా సగం తిన్న కంచాల దగ్గర ఒకరు, బయట గేటు దగ్గర గువ్వతో ఒకరు. అబద్ధమేమీ కాదు. కానీ ఆ లెక్కలో గేటు దగ్గర నిలబడ్డది ఎక్కువసార్లు ఎవరో ఆయన చెప్పలేదు.

"నేను మాత్రం ఎన్నాళ్లని పోరాడను, మా వాళ్లతో?" అన్నారు.

ఆయన పోరాడుతున్నారని నాకు ఇవాళే తెలిసింది.

చివరికి తేలింది ఇది. గువ్వ ఆ హాల్లో ఆట అయ్యేదాకా కూర్చుంటే ఇంట్లో హాస్టల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. కూర్చోలేకపోతే, వచ్చే నెల నుంచి అక్కడ.

"మాట మీద ఉంటారా?" అన్నాను.

"నా మాట మీద నమ్మకం లేదా నీకు?"

ఉంది. ఉందనే రాస్తున్నాను ఇక్కడ.

9వ తేదీ, సోమవారం

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను పనిచేసే కుట్టు దుకాణంలో కటింగ్ మాస్టారి కోడలు వాళ్లు ఎప్పుడో ఆ ఊరికి వెళ్లి, ఆ ఆట డిస్కు కొనుక్కొచ్చారట. హాలు వాళ్లే అమ్ముతారట. మొదటి డప్పు నుంచి చివరి దాకా మొత్తం ఉంది. మాస్టారు గీతలు పడకుండా చూసుకోమని పది జాగ్రత్తలు చెప్పి ఇచ్చారు.

ఇంటికి రాగానే టీవీలో పెట్టి, ముందు నేను ఒక్కదాన్నే చూశాను. ఏముంది అందులో, కాగితం కిరీటాలు పెట్టుకున్న జనం, నాలుగు రంగుల గుర్రపు రౌతులు, ఒకణ్ణొకడు పడదోయడం, మధ్యమధ్యలో కోడికాళ్లు పంచడం. ఆఖర్న లావుపాటి రాజుగారు మెట్లు దిగివచ్చి, మనిషెత్తు ఇత్తడి గంటని రెండు చేతులా లాగి మోగిస్తాడు. "విందు ముగిసింది, ఇళ్లకు వెళ్లండి" అంటాడు. అక్కడితో అయిపోయింది.

గంట చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. గువ్వకి కావలసింది నిశ్శబ్దం కాదు, ఎప్పుడు అయిపోతుందో తెలియడం. ఈ ముక్క డాక్టరు చెప్పాడు, టీచరు చెప్పింది, నేను కూడా లక్షసార్లు ఈ ఇంట్లో చెప్పాను. గోడకి చెప్పినా ఈపాటికి తల ఊపేది.

రేపటి నుంచి మా ఇంట్లో రోజూ రాజుగారి విందు.

12వ తేదీ, గురువారం

మొదటి రోజు టీవీ గొంతు పూర్తిగా తగ్గించి పెట్టాను. గువ్వ కంచం వదిలేసి తలుపు వెనక నిలబడింది. రెండో రోజు తలుపు ముందు నిలబడింది. ఇవాళ కుర్చీలో కూర్చుంది, చెవులకి డిప్పలు పెట్టుకుని. గంట మోగాక నేను టీవీ ఆపి, "గంట. అయిపోయింది. ఇంటికి" అని చెప్పి లేపాను. ఇంట్లోనే ఉండి ఇంటికి ఏమిటని ఆయన నవ్వారు. నవ్వుకోనీ.

"గంట" అంది గువ్వ పడుకునే ముందు. "అయిపోయింది. ఇంటికి."

నేను చెప్పిన వరసలో, నేను చెప్పిన గొంతుతో.

15వ తేదీ, ఆదివారం

గొంతు పెంచాను. పైవాటా వాళ్లు నేలని తన్నారు. తన్నుకోనీ. గువ్వ అది కూడా ఆటలో భాగం అనుకుని బల్ల చరిచింది.

ఏ డప్పు తర్వాత ఏ గుర్రం వస్తుందో దానికి తెలిసిపోయింది. నల్ల గుర్రం రావడానికి ముందే "నల్లది" అంటుంది. రౌతు పడటానికి ముందే నవ్వుతుంది. నేను చేసే వంట కన్నా వేళకి వస్తోంది భోజనానికి.

అత్తగారు ఫోన్లో, "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, ఎందుకమ్మా ఆ పిల్లని అక్కడికి" అన్నారు. నాకేం కోపం రాలేదు. పెద్దావిడ. నోరు జారుతుంది. ఆ నోరు నా పెళ్లి నాటి నుంచీ జారుతూనే ఉంది, పాపం.

18వ తేదీ, బుధవారం

మొత్తం ఆట, పూర్తి గొంతు, మధ్యలో ఒక్కసారి కూడా లేవకుండా కూర్చుంది. గంట మోగింది. లేచింది. "ఇంటికి" అంది.

నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సంతోషమే.

ఇంకో వింత. "గువ్వ పెట్టె నేను సర్దుతా, నీకెందుకు శ్రమ" అన్నారు ఆయన. పెళ్లయ్యాక ఆయన జేబురుమాలు కూడా మడత పెట్టుకోగా చూడలేదు నేను. సూర్యుడు పడమట పొడిచాడు. వదినగారు గువ్వకి కొత్త బట్టలు కూడా కొన్నారట, ఆరు జతలు. నాలుగు రోజుల ప్రయాణానికి.

పోనీలే, మనసు మారుతున్నట్టుంది అందరికీ.

21వ తేదీ, శనివారం

సాయంత్రం ఆట. అన్నీ సర్దుకున్నాను. డిప్పలు, మంచినీళ్లు, దాని దిండు గలీబు.

22వ తేదీ, ఆదివారం పొద్దున

జరిగింది జరిగినట్టు రాయాలి. తర్వాత ఎవరి నోట్లో పడి ఎలా మారుతుందో.

హాలు డిస్కులో కన్నా పెద్దది. గుర్రాల వాసన డిస్కులో లేదు. అందుకు భయపడ్డాను, కానీ గువ్వ ముక్కు మూసుకుని కాసేపు ఆలోచించి చెయ్యి తీసేసింది. మాకు పసుపు రంగు బల్ల. వరసగా అత్తగారు, వదినగారు, ఆయన, గువ్వ, నేను. చివర నేను, లేచి పరిగెత్తడానికి వీలుగా.

మొదటి డప్పు పడగానే కుర్చీలోంచి ఎగిరిపడ్డారు అత్తగారు. "ఓరి నాయనో, గుండె ఆగిపోతుందిరా" అని రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకున్నారు. ఆవిడ చూపంతా గువ్వ డిప్పల మీదే. గువ్వ మాత్రం కదల్లేదు. "నల్లది" అంది. నల్లగుర్రం వచ్చింది. "తెల్లది" అంది. తెల్లగుర్రం వచ్చింది. బల్ల చరవాల్సిన చోట అందరి కన్నా అర క్షణం ముందే చరిచింది. పక్క బల్ల వాళ్లు దాన్ని చూసి చరవడం మొదలుపెట్టారు. మా పసుపు రౌతు పడిపోబోతుండగా ముందే నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన కూడా నవ్వారు. "దీనికంతా తెలుసే!" అన్నారు నాతో, ఆ హోరులో చెవి దగ్గరకి వచ్చి. ఆయన నా చెవి దగ్గరకి వచ్చి మాట్లాడి ఎన్నేళ్లయిందో.

గెలిచాం అనుకున్నాను. వదినగారి మొహం చూశాను కూడా, ఏమాటకామాటే. ఆ మొహం చూడ్డానికైనా ఈ పన్నెండు రోజుల గోల దండగ కాలేదనుకున్నాను.

రాజుగారు మెట్లు దిగాడు. గువ్వ నా చెయ్యి పట్టుకుంది, గంట కోసం. రాజుగారు గ్లాసు ఎత్తాడు, పైనుంచి రంగు కాగితాలు రాలాయి, దీపాలు వెలిగాయి. "బయట బొమ్మల దుకాణం తెరిచే ఉంది" అని మైకులో చెప్పారు. జనం లేచారు.

గంట లేదు. గంట ఉండాల్సిన చోట శీతల పానీయాల ప్రకటన ఉంది.

కంచాలు తీస్తున్న ఆవిడని అడిగాను. "గంటా? అది ఎప్పుడో తీసేశారమ్మా. కిందటేడు హాలు బాగుచేసినప్పుడు" అంది. కటింగ్ మాస్టారి కోడలు ఎప్పుడు వెళ్లిందో నేను అడగలేదు. డిస్కు ఏ నాటిదో చూడలేదు. చూడాలని తోచలేదు నాకు. గుడ్డ కొనేటప్పుడు నాలుగుసార్లు తడిమి చూసే మనిషిని.

గువ్వ లేవలేదు. అరవలేదు, ఏడవలేదు. బల్ల అంచు పట్టుకుని బరి వైపు చూస్తూ కూర్చుంది. "గంట" అంది.

"గంట లేదమ్మా ఇవాళ."

"గంట."

హాలు ఖాళీ అయింది. ఇసుక దువ్వేవాళ్లు వచ్చారు. వదినగారు వాచీ చూసుకున్నారు. అత్తగారు, "నే చెప్పలా" అన్నారు. ఎవరికీ ప్రత్యేకంగా కాదు, గాలికి. ఆయన వచ్చి గువ్వ చంకల కింద చేతులు వేసి లేపబోయారు. అప్పుడు అరిచింది. బల్ల వదల్లేదు, కంచాలు పడ్డాయి, ఆయన మణికట్టు మీద పళ్లు దిగాయి. దువ్వుతున్నవాళ్లు ఆపి చూశారు. డిస్కు ఇంట్లో టీవీలో ఉంది. నా చేతిలో ఉన్నదల్లా నా నోరు.

నేనే చెప్పాను. వంగి, ఒక డిప్ప పక్కకి తీసి, "గంట మోగిందమ్మా. నీకు డిప్పలున్నాయి కదా, వినపడలేదు. అయిపోయింది. ఇంటికి" అన్నాను.

అది నా నోటి వైపు చూసింది. కళ్లలోకి చూడదు, నోటిని చూస్తుంది. తర్వాత డిప్పలు తీసి బల్ల మీద పెట్టింది. లేచింది. నడిచింది.

తెలివిగా తప్పించానని నాకే అనిపించింది. డిప్పలు నేను సంచీలో వేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

పొద్దున హోటల్లో ఫలహారం దగ్గర డిప్పలు ఇచ్చాను. వద్దంది. మళ్లీ ఇచ్చాను, నెట్టేసింది. చెంచాలు, కంచాలు, కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. పిల్ల వణుకుతోంది. చేతులు చెవుల మీదకి వెళ్లబోతే వాటిని తొడల కింద పెట్టుకుని కూర్చుంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, చెవులు మూసుకోదు.

ఎందుకో నాకు అర్థం కాలేదు. సముద్రం దగ్గరా అంతే. అలల హోరులో తల వంచుకుని, పళ్లు బిగించి, వింటోంది.

వింటోంది. గంట మళ్లీ ఎక్కడ మోగుతుందో, మళ్లీ తనకి వినపడకుండా పోతుందేమోనని.

నేను చేశాను ఇది. వేరే ఎవరూ కాదు. అత్తగారు కాదు, వదినగారు కాదు. దానికి ఉన్న ఒకే ఒక్క గొడుగు నేను లాగేసుకున్నాను. అబద్ధం అంటే ఏమిటో తెలియని పిల్లకి అబద్ధం చెప్పి.

సాయంత్రం ఒళ్లంతా ఇసుక అయితే స్నానం చేయించి, వదినగారు కొన్న కొత్త గౌను తీశాను. మెడ వెనక ఎర్రదారంతో 41 అని కుట్టి ఉంది. ఇంకో జత తీశాను. 41. ఆరు జతలూ, లోపలి బట్టలూ, తువ్వాలూ. బడులు తెరిచే ముందు మా దుకాణంలో కుప్పలు కుప్పలుగా కుడతాం ఈ నెంబర్లు, హాస్టల్ పిల్లల బట్టలకి. ఒకరివి ఒకరికి కలవకుండా.

కుట్టు చూస్తే కుట్టిన చెయ్యి తెలుస్తుంది నాకు. అదే కదా నా పని. దారం చివర రెండుసార్లు తిప్పి వేసిన ముడి. ఆ ముడి వేసే మనిషి ఈ ప్రపంచంలో నేను కాక ఇంకొకరే ఉన్నారు. పెళ్లయిన కొత్తలో గుండీ ఊడితే నా కోసం ఆగక్కర్లేకుండా నేనే నేర్పాను ఆయనకి.

గువ్వని టవల్లో చుట్టి మంచం మీద కూర్చోబెట్టి, ఆయన్ని వరండాలోకి పిలిచాను.

"ఎప్పుడు కుట్టారు?"

"బట్టలు కొన్నప్పుడే" అన్నారు. "నువ్వు పనికి వెళ్లినప్పుడు. ఒకవేళ కూర్చోలేకపోతే, అప్పటికప్పుడు ఇబ్బంది కదాని. అక్క దారిలోనే దింపేద్దామంది."

"వచ్చే నెల అన్నారు."

"మళ్లీ ఇంత దూరం రావడం ఎందుకని."

"కూర్చుంది కదండీ. ఆట మొత్తం కూర్చుంది. మీ అమ్మగారు చెవులు మూసుకున్నారు కానీ అది కదల్లేదు. మీరే నవ్వారు."

"కూర్చుంది" అన్నారు. "లేవలేదు కదా."

కూర్చోదని పందెం కట్టి, కూర్చుంటే, లేవలేదని ఓడించారు నా కూతుర్ని.

నాకేం కోపం రాలేదు అని రాయబోయాను. చెయ్యి రాలేదు.

24వ తేదీ, మంగళవారం

నిన్న రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. ఇంట్లో నేనూ గువ్వా ఉన్నాం.

నిన్న వ్యానులో అందరం బయల్దేరాం. హాస్టల్ ఊరికే చూసివద్దాం అన్నారు ఆయన. "చూడ్డానికేం పోయింది" అన్నారు వదినగారు. ఇంత తెలిశాక కూడా నేను వ్యాను ఎక్కాను, దిగాను, వాళ్ల వెనక నడిచాను. ఎందుకు వెళ్లావని ఎవరైనా అడిగితే, చూసి, ఇది పనికిరాదు అని చెప్పడానికి అంటాను.

పనికిరాకుండా లేదు. అదే బాధ. శుభ్రంగా ఉంది. గోడలు లేత రంగు, నేల మెత్తటిది, చప్పుడు లేదు. పెద్ద టీచరు గువ్వతో గట్టిగా మాట్లాడలేదు, ముట్టుకోలేదు, పక్కన కూర్చుంది అంతే. మంచి మనిషి. పిల్లల గదిలో వరసగా కొక్కేలు, వాటి మీద నెంబర్లు. నలభై ఒకటో కొక్కేనికి అప్పుడే కొత్త తువ్వాలు వేలాడుతోంది.

ఆ గదిలో నిలబడ్డప్పుడు నాకేమనిపించిందో ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. హాయిగా అనిపించింది. ఇవాళ రాత్రి తెల్లవార్లూ నిద్రపోవచ్చు అనిపించింది. భోజనం చల్లారకముందే తినొచ్చు. ఆయన మళ్లీ నా చెవి దగ్గరకి వచ్చి మాట్లాడతారు. ఒక్క నిమిషమే. కానీ అనిపించింది.

ఆ నిమిషంలోనే ఆయన వ్యానులోంచి పెట్టె దింపించేశారు. వరండాలో పెట్టారు. ఊరికే చూసివద్దామన్న పెట్టె.

"నువ్వు ముందు వ్యానులోకి వెళ్లి కూర్చో" అన్నారు నాతో మెల్లగా. "నిన్ను చూస్తే ఉండదు. నేను నెమ్మదిగా వస్తాను."

నేను వెళ్లేదాన్నేనేమో. నాకు తెలియదు. కాళ్లు ఎటు కదలబోయాయో నాకు నిజంగా తెలియదు.

అప్పుడు భోజనాల గంట కొట్టారు. వరండా చివర దూలానికి వేలాడుతున్న ఇనపగంట, చిన్నదే. ఆయా వచ్చి కొట్టింది. రెండు రోజులుగా ఉత్త చెవులతో, తల వంచుకుని వింటున్న పిల్ల తల ఎత్తింది.

"గంట" అంది.

దాని మొహం విప్పారింది. అలా ఎప్పుడూ చూడలేదు నేను, డిస్కు ముందు కూడా. లేచి నిలబడింది. నా దగ్గరకి వచ్చి నా సంచీలో చెయ్యి పెట్టి వెతికి, డిప్పలు తీసుకుని చెవులకి పెట్టుకుంది. ఇంక వినక్కర్లేదు దానికి.

"అయిపోయింది. ఇంటికి" అంది. నా చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచింది.

"ఆపు దాన్ని" అన్నారు ఆయన.

ఆపలేదు. గంట మోగితే ఇంటికి అని నేనే నేర్పాను. దానితో పాటు నడిచాను. వదినగారు, "ఏమిటమ్మా ఈ చోద్యం, అంతా మాట్లాడేసుకున్నాక" అంటూ వెనకాల వస్తున్నారు. పెద్ద టీచరు మాత్రం పక్కకి తప్పుకుని గేటు తీసింది. మంచి మనిషి అని ముందే రాశాను.

ఆయన గేటు దాకా వచ్చారు. "మరి పెట్టె?" అన్నారు. అంతా పోతుంటే మగాడికి పెట్టె గుర్తొచ్చింది.

"మీరే కుట్టారుగా. మీరే తెచ్చుకోండి" అన్నాను.

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఇన్నాళ్లది, అంతా ఒక్కసారే. వ్యానెక్కలేదు. రోడ్డు మీద బస్సు ఆపి ఎక్కాం. బస్సులో చెవులు చిల్లులు పడే పాటలు. గువ్వ డిప్పలతో నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. నేను దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ ఒక్కొక్కళ్లనీ పేరుపేరునా తిట్టుకున్నాను. నన్ను కూడా.

25వ తేదీ, బుధవారం

భోజనం అయ్యాక గువ్వ లేవకుండా టీవీ వంక చూసింది. డిస్కు పెట్టి, గంట దాకా జరిపి, మోగించాను. లేచింది. ఇక పూట పూటా ఇదే. ఇంక ఈ ఇంట్లో గంట మోగకుండా ఎవరూ కంచం ముందు నుంచి లేవరు.

మోగిందని నేను మళ్లీ ఊరికే చెప్పను. అది మాత్రం ఒట్టు.

27వ తేదీ, శుక్రవారం

ఫోన్ రాలేదు. ఆయన వాళ్ల అక్కగారింట్లో ఉన్నారట. పైవాటా ఆవిడ చెప్పింది, ఆవిడకెలా తెలుసో. నాకేం బాధ లేదు.

29వ తేదీ, ఆదివారం

ఇది భోజనాల బల్ల దగ్గర కూర్చునే రాస్తున్నాను. ఎదురుగా ఆయన ఉన్నారు. ఏం రాస్తున్నావని అడగలేదు. దుకాణం కొలతలు అనుకుంటున్నారేమో.

మధ్యాహ్నం వచ్చారు. 41 పెట్టె తెచ్చి గుమ్మం పక్కన పెట్టారు. చొక్కాలు నాలుగు తీసుకుని వెళ్దామని వచ్చారట. "కొన్నాళ్లు అక్క దగ్గరే ఉంటాను. ఆలోచించుకోవాలి" అన్నారు. ఆలోచించుకోవడానికి చొక్కాలెందుకో నేను అడగలేదు. భోజనం వేళ అయింది కాబట్టి కంచం పెట్టాను. శత్రువుకైనా పెడతాం. గువ్వ ఆయన్ని చూసి తన కుర్చీ కొంచెం ఆయన వైపు జరుపుకుంది.

తిన్నాం. ఆయన మణికట్టు మీద పళ్ల గాటు పచ్చబడింది. చెయ్యి కడుక్కుని వచ్చి, చొక్కాల సంచీ భుజాన వేసుకుని, "మరి వస్తాను" అన్నారు.

గువ్వ లేచి ఆయన సంచీ పట్టుకుంది.

"గంట" అంది.

"ఏమిటి?"

"గంట. కూర్చో."

ఆయనకి అర్థం కాలేదు. తర్వాత అయింది. పిల్ల అలా పట్టుకునే ఉంది, అరవలేదు, ఏడవలేదు. ఆయన నా వంక చూశారు. "మోగిందని చెప్పవే" అన్నారు మెల్లగా. "నువ్వు చెప్తే వింటుంది."

"మోగలేదు" అన్నాను.

"పోనీ, మోగించు."

రిమోట్ నా మోచేతి దగ్గరే ఉంది. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. చెయ్యి చాపి తీసుకోవచ్చు. తీసుకోలేదు. సంచీ దించి కుర్చీలో కూర్చున్నారు. గువ్వ కూడా వచ్చి కూర్చుంది, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, హాల్లో కూర్చున్నట్టే.

పైవాటాలో ఏదో ఈడుస్తున్నారు. కంచాలు ఎండిపోతున్నాయి. ఆయన రెండుసార్లు లేవబోయి ఆగారు. గువ్వ ఆట మొత్తం కూర్చుంది. ఆయన ఎంతసేపు కూర్చోగలరో నేను కూడా చూడాలి కదా.

ఇంకా నొక్కలేదు.